ఒక సభకు రెండు కుర్చీలు



ఈసారి కాస్త పొడుగ్గా రాస్తున్నాం. ఆదివారం మధ్యాహ్నం తిని కూర్చున్నాక చదవండి. మాది తమిళ మీడియం అని మీకు తెలిసిందే. తెలుగు అక్షరాలు రిటైరయ్యాక మన సంఘం క్లాసులో, మనవళ్ల పక్కన బెంచీ మీద కూర్చుని నేర్చుకున్నవాళ్లం. ఒత్తులు తప్పితే సర్దుకోండి.

పోయిన నెల సర్వసభ్య సమావేశంలో ఏం జరిగిందో వచ్చినవాళ్లు చూశారు. రానివాళ్లు ఫోన్లలో రెండు కథలు విన్నారు. సభ వాయిదా పడింది, ఆ తర్వాత జరిగింది ఏదీ చెల్లదు అని కమిటీవాళ్ల కథ. తీర్మానం నెగ్గింది, మండపం లీజు ఆగింది అని మా కథ.

జరిగింది ఇది. మన కల్యాణ మండపాన్ని 15 ఏళ్లకు ఒక కాంట్రాక్టరుకు లీజుకు ఇవ్వాలని కమిటీ అనుకుని సభ ముందు పెట్టింది. చర్చ మొదలై ముప్పావుగంట కాలేదు, వద్దనేవాళ్లే ఎక్కువని గొంతులు వింటేనే తెలిసిపోయింది. ఓటింగ్ పెట్టమని వెనక వరసల్లోంచి కేకలు. అధ్యక్షులవారు లేచి, గొడవ ఎక్కువైంది, సభ వాయిదా అన్నారు. మైకు ఆపించారు. మినిట్ బుక్కు చంకలో పెట్టుకుని వెళ్లిపోయారు. ఆయన వెంట నలభై మంది దాకా లేచారు. మిగిలినవాళ్లం ఊరుకుంటామా? ఉపాధ్యక్షులవారిని బతిమాలి ఆ కుర్చీలో కూర్చోబెట్టాం. చేతులెత్తమన్నాం. లీజు వద్దని 61 చేతులు లేచాయి, కావాలని ఒక్కటీ లేవలేదు. ఎవరి పిల్లవాడిదో నోటుబుక్కులో కాగితం చింపి తీర్మానం రాశాం, సంతకాలు పెట్టాం, చప్పట్లు కొట్టాం. ఇంటికొచ్చి రసం అన్నం తిని హాయిగా నిద్రపోయాం.

మర్నాడు కాఫీ తాగుతుంటే గుర్తొచ్చింది. ఇదే ఆట ఇంతకు ముందు ఒకసారి చూశామే అని.

1972. పెరంబూరు రైల్వే క్వార్టర్సు. మాకప్పుడు పదకొండు పన్నెండేళ్లు. అక్టోబరులో ఎం.జి.ఆర్‌ను డి.ఎం.కె. నుంచి తీసేశారు, ఆ నెలలోనే ఆయన కొత్త పార్టీ పెట్టారు. మా లైన్లో ఇంటికొక పార్టీ అయింది. ఒకే ఇంట్లో అన్న ఒక జెండా, తమ్ముడు ఒక జెండా. టీ కొట్లో పేపరు పైకి చదవడానికి పెద్దవాళ్లు మా పిల్లలను పిలిచేవాళ్లు. వాళ్లకు మాట్లాడేది తెలుగు, ఓటేసేది తమిళ పార్టీలకు, చదవడానికి రెండూ రావు. 'ఒత్తివైప్పు' అంటే వాయిదా అని, 'నంబిక్కై ఇల్లా తీర్మానం' అంటే అవిశ్వాస తీర్మానం అని మేము నేర్చుకున్నది ఆ టీ కొట్లోనే.

నవంబరు 13న సభ కూడింది. అప్పటి స్పీకరు కె.ఎ. మదియళగన్. అణ్ణాదురైతో కలిసి డి.ఎం.కె.ను నిలబెట్టిన పెద్దల్లో ఒకరు. కానీ అప్పటికి ఆయన మనసు ఎం.జి.ఆర్ వైపు తిరిగింది. ప్రభుత్వం మీద ప్రజలకు నమ్మకం పోయిందని ఎం.జి.ఆర్ అనగానే, ముఖ్యమంత్రి కరుణానిధి మళ్లీ ప్రజల తీర్పు కోరితే మంచిదని స్పీకరు కుర్చీలోంచి సలహా ఇచ్చారు. ఇచ్చి, డిసెంబరు 5 దాకా సభను వాయిదా వేశారు. 1971 ఎన్నికల్లో 234 స్థానాల్లో 184 గెలిచిన పార్టీ అది. ఎం.జి.ఆర్ వెంట బయటికి వచ్చింది పిడికెడు మంది ఎమ్మెల్యేలు. లెక్కపెడితే ఎవరు నెగ్గుతారో చిన్నపిల్లలమైన మాకూ తెలుసు. లెక్క పెట్టకుండానే తలుపు మూసేశారు.

ప్రభుత్వం 5 దాకా ఆగలేదు. గవర్నరు ద్వారా డిసెంబరు 2నే సభ పెట్టించింది. స్పీకరును తీసేసే తీర్మానం సిద్ధం చేసుకుంది. ఆ రోజు సెయింట్ జార్జి కోటలో జరిగింది పేపర్లో చదువుతుంటే టీ కొట్లో ఎవరూ గ్లాసు ముట్టలేదు. స్పీకరు తన కుర్చీ దిగలేదు. డిప్యూటీ స్పీకరు పె. శీనివాసన్, 1967లో విరుదునగరులో కామరాజునే ఓడించిన కుర్రవాడు ఆయనే, ఇంకొక కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. ఇద్దరూ ఒకేసారి సభ నడిపారు. ఒకరు ఎం.జి.ఆర్‌ను మాట్లాడమంటారు, ఇంకొకరు స్పీకరు మీద తీర్మానం చదవమంటారు. స్పీకరు మైకు ఆపేశారని ఎం.జి.ఆర్ వైపువాళ్లు చాలా కాలం చెప్పుకున్నారు. కేకలు, తోపులాట, చివరికి ఎం.జి.ఆర్ బయటికి వెళ్లిపోయారు. స్పీకరును తీసేసే తీర్మానం నెగ్గింది.

మా నాన్నగారు వర్క్‌షాపులో ఫిట్టరు. అంతకు ముందు కొంతకాలం లైను మీద పనిచేసినవాడు. వార్తంతా విని, "ఒకే లైనుకు ఇద్దరు మాస్టర్లు లైన్ క్లియర్ ఇచ్చినట్టుందిరా" అన్నాడు. సింగిల్ లైను మీద పనిచేసినవాళ్లకు ఆ మాట ఎంత భయంకరమో తెలుసు. ఉక్కు గుండు లాంటి టోకెను ఏ డ్రైవరు చేతిలో ఉంటే ఆ బండిదే దారి. రెండు వైపుల నుంచీ రెండు బళ్లు వస్తే మధ్యలో ఉన్నవాళ్ల సంగతి ఆలోచించండి.

పోయిన నెల మన మండపంలో మైకు ఆగడం, ఒకరు పోవడం, ఒకరు కూర్చోవడం, చేతులెత్తడం, అంతా అదే. ఎం.జి.ఆర్ లేడు, అంతే తేడా. 1972లో స్పీకరుది తప్పని ఇన్నేళ్లూ టీ కొట్టు దగ్గర వాదించినవాళ్లం మేము. ఆ లెక్కన మొన్న మన అధ్యక్షులవారిది తప్పు. బాగానే ఉంది. మరి ఆ రెండో కుర్చీ సంగతి?

ఇక్కడే మేము తడబడ్డాం. రిటైరయ్యాక పనేముంది, రాజ్యాంగం తమిళ ప్రతి ఒకటి ఇంట్లో ఉంటే తీసి చదివాం. 179వ అధికరణం ప్రకారం స్పీకరును తీసేయాలంటే 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. 181వ అధికరణం ప్రకారం ఆ తీర్మానం చర్చకు వచ్చినప్పుడు స్పీకరు ఆ కుర్చీలో కూర్చోకూడదు. సభలో ఉండొచ్చు, మాట్లాడొచ్చు, మొదటి విడతలో ఓటూ వేయొచ్చు. తన మీద విచారణకు తానే జడ్జీగా కూర్చోకూడదు, అంతే. అంటే కోటలో ఆ రోజు రెండో కుర్చీకి కాగితం మీద ఆధారం ఉంది. మన ఉపాధ్యక్షులవారికి ఏముంది? మన బైలాలో వెతికాం. అధ్యక్షుడు 'రాని పక్షంలో' ఉపాధ్యక్షుడు సభ నడపాలని ఉంది. వచ్చి, మధ్యలో లేచి, సభ మూసి వెళ్లిపోతే ఏం చేయాలో ఒక్క ముక్క లేదు.

పంజాబు కథ తెలిసింది అప్పుడే. మా పక్కవీధిలో ఒక వకీలు గుమాస్తా ఉన్నాడు, పాత కేసులు కథల్లా చెప్తాడు. 1968 మార్చి. లక్ష్మణ్ సింగ్ గిల్ మంత్రివర్గం. బడ్జెట్ పెట్టారు, 31 లోపల పాస్ కావాలి, లేకుంటే ఏప్రిల్ 1 నుంచి జీతాలకు పైసా తీయడానికి లేదు. సర్కారు గుమాస్తాలకు ఇంతకన్నా చెప్పక్కర్లేదు. 7వ తేదీన స్పీకరు జోగిందర్ సింగ్ మాన్, సభలో గొడవగా ఉందని, ఏకంగా రెండు నెలలు వాయిదా వేశారు. ఆయన మీద కూడా అవిశ్వాసం పెట్టి ఉన్నారప్పటికే.

వాయిదా వేసేది స్పీకరు. ఆ సమావేశాలనే మొత్తం ముగించేది మంత్రుల సలహా మీద గవర్నరు. రెండూ వేరు. బండిని ఔటర్లో నిలబెట్టడం ఒకటి, బండినే రద్దు చేసి కొత్త నంబరుతో మళ్లీ నడపడం ఒకటి. గవర్నరు డి.సి. పావటె, కర్ణాటకలో ఉన్న మనవాళ్లకు ఈ పేరు తెలిసుంటుంది, ధారవాడ విశ్వవిద్యాలయానికి చాలాకాలం వైస్ ఛాన్సలర్ ఆయనే. 11న సమావేశాలు ముగించారు. 13న ఒక ఆర్డినెన్సు తెచ్చారు. డబ్బు వ్యవహారం ముగిసేదాకా, సభలో మెజారిటీ ఒప్పుకుంటే తప్ప సభను వాయిదా వేయడానికి లేదని అందులో రాశారు. 18న సభ పిలిచారు. స్పీకరు వచ్చి, నేను వేసిన వాయిదా అలాగే ఉంది అని చెప్పి వెళ్లిపోయారు. డిప్యూటీ స్పీకరు కూర్చున్నారు. బడ్జెట్ పాసయింది. హైకోర్టు అది చెల్లదంది. జూలైలో సుప్రీంకోర్టు చెల్లుతుందంది.

పైకి చూస్తే ఇదీ మన మండపం కథే, స్పీకరు వెళ్లాడు, డిప్యూటీ కూర్చున్నాడు. కానీ డిప్యూటీ కూర్చోవడానికి అయిదు రోజుల ముందే కాగితం ఉంది. రైల్వేలో పనిచేసినవాళ్లకు ఇది చప్పున అర్థమవుతుంది. సిగ్నల్ పాడైందనుకోండి, ఎర్రదీపం అలాగే వెలుగుతోంది. బండి ఆగిపోవాలా? అక్కర్లేదు. ఆ సిగ్నల్ దాటి పో అని స్టేషన్ మాస్టరు సంతకం పెట్టి డ్రైవరు చేతికి కాగితం ఇస్తాడు. ఆ కాగితం లేకుండా, పక్కన నిలబడినవాళ్లంతా పో పో అని చేతులూపినా డ్రైవరు కదలకూడదు. 61 మంది ఊపినా సరే.

ఇంకొకటి గమనించాం. ఆ ఆర్డినెన్సు గెలవాలనుకున్న ప్రభుత్వం తన అవసరానికి రాసుకున్నదే, అందులో సందేహం లేదు. తలుచుకుంటే 'మంత్రులు చెప్పేదాకా సభ మూయరాదు' అని రాసుకోవచ్చు. అలా రాయలేదు. మూయాలా వద్దా అన్నది సభే చేతులెత్తి తేల్చుకోవాలని రాశారు. స్పీకరు చేతిలోంచి తీసిన అధికారాన్ని మంత్రి జేబులో పెట్టలేదు, సభకు ఇచ్చారు. కోర్టు ఏ కారణంతో ఒప్పుకుందో లాయర్లు చెప్పాలి. మాకు నచ్చింది మాత్రం ఇది.

కర్ణాటక మిత్రులు 2019 జూలై మరిచిపోయుండరు. కుమారస్వామి విశ్వాస తీర్మానం 18న పెట్టారు. మధ్యాహ్నం ఒంటిగంటన్నర లోపల ఓటింగ్ ముగించమని గవర్నరు గడువు ఇస్తే అది దాటింది, ఇంకో గడువు ఇస్తే అదీ దాటింది. స్పీకరు రమేశ్ కుమార్, మన తెలుగు మాటే ఎక్కువ వినిపించే శ్రీనివాసపురం ఎమ్మెల్యే, చర్చ ముగియకుండా ఓటు ఎలా పెడతామన్నారు. చివరికి 23న లెక్కపెడితే 99, 105. ప్రభుత్వం పడింది. సభ లోపల పనికి బయటి నుంచి గడియారం చూపించడం మాకు నచ్చలేదు. అలాగని ఓడిపోతామని తెలిసి మాటలతో రోజులు నెట్టడమూ నచ్చలేదు. లెక్కయితే జరిగింది కదా, అంతవరకు సంతోషం.

యానాం వాళ్ల సంగతి ఇంకా చిత్రం. 2021 ఫిబ్రవరిలో పుదుచ్చేరిలో నారాయణస్వామి ప్రభుత్వం రాజీనామాలతో చిక్కిపోయింది, అందులో యానాం ఎమ్మెల్యే మల్లాడి కృష్ణారావుగారి రాజీనామా కూడా ఒకటి. నామినేటెడ్ సభ్యులు ముగ్గురికి ఓటుందా లేదా అన్నది పెద్ద రగడ. ఉందని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది, అయినా తలుపు దగ్గర మళ్లీ అదే వాదన. ఓటింగ్ జరగకుండానే ముఖ్యమంత్రి బయటికి నడిచారు. ఎవరి చెయ్యి లెక్కలోకి వస్తుందో లెక్క మొదలయ్యాక తేల్చుకోవడం మొదలుపెడితే ఇంతే.

ఈ వాక్యం రాశాక మన 61 చేతుల జాబితా మళ్లీ తీసి చూశాం. నిజం చెప్తున్నాం, కోపగించుకోకండి. అందులో ఎనిమిది మంది రెండేళ్లుగా చందా కట్టలేదు. ఇద్దరు సభ్యులే కారు, సభ్యుల అల్లుళ్లు. ఒకావిడ భర్త చెయ్యీ తన చెయ్యీ రెండూ ఎత్తింది, ఆయన డయాలిసిస్‌కు వెళ్లాడని. ఇవన్నీ తీసేసినా మాదే మెజారిటీ, సరే. కానీ వెళ్లిపోయిన నలభై మంది ఉండుంటే? అప్పుడూ మాదే కావచ్చు, కొంచెం దగ్గరగా. వాళ్లు వెళ్లిపోతున్నప్పుడు మాలో ఒక్కరం కూడా, ఉండండి అన్నా, ఓటేసి పోండి అని పిలవలేదు. పోతే పోనీ, పని సులువవుతుంది అనుకున్నాం. అధ్యక్షులవారు లెక్కకు భయపడి వెళ్లారని ఊరంతా చెప్పాం. పూర్తి లెక్కకు మేమూ కొంచెం భయపడ్డామని చెప్పలేదు.

ఇలాంటి వాటిలో మన పాతవాళ్లు ఎలా నడుచుకున్నారో కూడా చదివాం. 1923 నవంబరు చివర మద్రాసు లెజిస్లేటివ్ కౌన్సిల్. మొదటి మంత్రి పానగల్లు రాజా పానగంటి రామరాయణింగారు, మన తెలుగాయనే. ఆయన మీద అవిశ్వాసం తెచ్చింది చిత్తూరు వైపు కట్టమంచి రామలింగారెడ్డిగారు, ఆయనా మన తెలుగాయనే. అప్పటి ద్వంద్వ పాలనలో మంత్రి ఉండేదీ పోయేదీ గవర్నరు దయ మీద. సభ ఓడించినంత మాత్రాన మంత్రి దిగాలని చట్టంలో లేదు. అయినా తీర్మానం తెచ్చారు, చర్చించారు, లెక్కపెట్టారు. వ్యతిరేకంగా 65, అనుకూలంగా 44, తీర్మానం ఓడింది. కట్టమంచివారు ఆ తర్వాత ఆంధ్ర విశ్వకళా పరిషత్తుకు మొదటి వైస్ ఛాన్సలర్ అయ్యారు, అది వేరే సంగతి.

అందుకని మేము చేసింది ఇది. నోటుబుక్కు కాగితం మీది తీర్మానాన్ని గట్టిగా పట్టుకుని రిజిస్ట్రారు ఆఫీసుకు పోదాం అన్నవాళ్లను ఆపాం. మాలో కొందరికి అది నచ్చలేదు, పిరికితనం అన్నారు. అననీ. బైలా మార్చడానికి ఒక ముసాయిదా రాశాం. కోరం లేకపోతే తప్ప, సభ ఒప్పుకోకుండా అధ్యక్షుడు సభను వాయిదా వేయరాదు. అధ్యక్షుడు మధ్యలో వెళ్లిపోతే ఉన్న సభ్యులు ఓటు వేసి ఒకరిని కూర్చోబెట్టుకోవచ్చు, కానీ అరగంట ఆగాలి, వెళ్లినవాళ్లకు ఫోన్ చేసి చెప్పాలి. అధ్యక్షుడి మీదే తీర్మానం ఉంటే ఆయన ఆ కుర్చీలో ఉండరాదు, కింద కూర్చుని మాట్లాడొచ్చు. చందా బాకీ ఉన్నవాళ్ల జాబితా సభకు వారం ముందే బోర్డు మీద పెట్టాలి. మినిట్ బుక్కు మండపం బీరువా దాటి ఎవరి ఇంటికీ పోరాదు. దీనికి మన బైలా ప్రకారం నాలుగింట మూడు వంతుల ఓట్లు కావాలి. అంటే కమిటీ వైపు వాళ్లు కూడా కొందరు చెయ్యెత్తాలి.

లీజు మాట ఇందులో ఎక్కడా పెట్టలేదు. కావాలనే పెట్టలేదు. ముందు ఇది, లీజు తర్వాత. ఈ రూలు రాసుకున్నాక లీజు మీద మేము ఓడిపోవచ్చు. మండపం కట్టిన రోజుల్లో ఇటుకలు మోసినవాళ్లం, ఓడిపోతే బాధే. మా పిల్లల పెళ్లిళ్లన్నీ అక్కడే, మా అమ్మ పదమూడో రోజు భోజనాలూ అక్కడే. 15 ఏళ్లంటే మాలో చాలామంది ఆ లీజు ముగియడం చూడరు.

ముసాయిదా పట్టుకుని పోయిన బుధవారం సాయంత్రం అధ్యక్షులవారి ఇంటికి వెళ్లాం. మాకు బావ వరస ఆయన. నెలరోజులుగా గుడి దగ్గర ఎదురుపడినా చూపు తిప్పుకుంటున్నాం ఇద్దరం. అక్క కాఫీ తెచ్చి టీపాయ్ మీద పెట్టి లోపలికి పోయింది, ఒక్క మాటా మాట్లాడకుండా.

"ఏం బావా, కోర్టు సమన్లా?" అన్నారు.

"సమన్లు కాదు బావా. ముందు నువ్వు చదువు, తర్వాతే మిగతావాళ్లకు ఇస్తాం."

కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. జేబులోంచి పెన్ను తీశారు. సంతకం పెడతారేమో అనుకున్నాం. మేము 'అద్యక్షుడు' అని రాసిన చోటల్లా ద కింద గీత గీసి ధ చేశారు, అయిదు చోట్ల. తర్వాత అడిగారు.

"ఇది నా తర్వాత వచ్చేవాడికి కూడానా?"

"నీ తర్వాత మాలో ఎవరైనా వస్తే వాళ్లకు కూడా."

కాఫీ తాగేదాకా ఏమీ అనలేదు. ఒక కాపీ ఉంచుకున్నారు. మినిట్ బుక్కు టీవీ పక్కన, పాత పంచాంగాల మీద కనిపిస్తూనే ఉంది. మేము అడగలేదు. గేటు దాకా వచ్చి, సభ రోజు పుస్తకం తెస్తాను అని మాత్రం అన్నారు.

వచ్చే నెల రెండో ఆదివారం, పొద్దున పదింటికి, మండపంలోనే. నోటీసు బోర్డు మీద పెట్టాం. లీజు కావాలన్నవాళ్లూ రండి. చందా బాకీ ఉన్నవాళ్లు ఈ శుక్రవారం లోపల కోశాధికారి దగ్గర కట్టేసి రసీదు తీసుకోండి. అల్లుళ్లు వస్తే భోజనానికి రండి, ఓటుకు కాదు.